పిలుపుల ఈశ్వరి

రేవుపేటలో పెళ్లి కుదిరితే పంతులుగారికంటే ముందు ఈశ్వరికి కబురు వెళ్తుంది. ఎన్ని కార్డులు అచ్చువేసినా, ఫోన్లో ఎన్ని పూల బొమ్మలు పంపినా, కుంకుమ భరిణె పట్టుకుని ఈశ్వరి గడప తొక్కి బొట్టు పెడితేనే అది పిలుపు. లేదంటే "మమ్మల్నెవలు పిలిసినారు?" అని మూతి ముడుచుకుని కూర్చునే హక్కు ఆ ఊళ్లో ప్రతి ఆడమనిషికీ ఉంది. ఆ హక్కును ఒక్కరూ వృథా పోనివ్వరు.

ముప్పై ఏళ్లుగా ఇదే ఆమె పని. సముద్రానికీ పొలాలకీ నడుమ ఇరుక్కుపోయిన నాలుగు వందల గడపల ఊరది. ఈ ఇంట్లో పోపు పెడితే పక్కింట్లో తుమ్ముతారు. ఎవరికి ఎవరితో మాటల్లేవో, ఎవరిని ముందు పిలవకపోతే ఎవరు అలుగుతారో ఈశ్వరికి కంఠతా వచ్చు. ఏ ఇంటి తరఫున వెళ్తే ఆ ఇంటి పేరు చెప్పి పిలుస్తుంది. తన ఇంటి పేరు చెప్పే అవసరం ఎప్పుడూ రాలేదు. వలలు బాగుచేసే మొగుడు రాముడూ తనూ, ఇద్దరే మనుషులు. పిల్లల్లేని ఇంట్లో పేరంటాలేముంటాయి?

పోయిన వైశాఖంలో ప్రదీప్ అనే కుర్ర మేనేజరు ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. ఊరి చివర ఇసకలో ఐదంతస్తుల హోటలు కడుతున్నారట, భూమిపూజకి ఊరంతా రావాలట. "అమ్మా, మీరు పిలిస్తే ఊరు కదులుతుందట కదా" అన్నాడు. ఆ మాట ఆమెతో అంతకుముందు ఎవరూ అనలేదు. ఉబ్బిపోయింది పిచ్చిది. రెండు రోజుల్లో నాలుగు వందల గడపలూ తిరిగేసింది.

ఊరంతా వెళ్లింది. పులిహోర తిన్నారు, తలో రవికె గుడ్డా పుచ్చుకున్నారు. గుడ్డ అందినట్టు పుస్తకంలో సంతకం పెట్టమంటే పెట్టారు, సంతకం రానివాళ్లు వేలిముద్ర వేశారు.

నెల తిరక్కుండానే రిటైరైన బడిపంతులు భీమశంకరరావు పంచాయతీలో హోటలు కాగితాలు చదివి తల పట్టుకున్నాడు. ఎనభై గదులు, నాలుగు బోర్లు. ఆ సంతకాల పుస్తకం ఊరి ఒప్పుదలగా జతచేసి ఉంది. ఊరికి తాగునీరు ఒక్క నూతిదే. ఇసక కింద పలచగా ఉండే ఆ తీపినీటిని నాలుగు బోర్లూ లాగేస్తే, వెనకే ఉప్పునీళ్లు వచ్చేస్తాయి. ఆ సంగతి మాస్టారు చెప్పక్కర్లేదు, చేదబావి తోడే ఎవరికైనా తెలుసు.

మర్నాడు నూతి దగ్గర పక్కింటి కన్యాకుమారి బిందె కింద పెట్టి మరీ అడిగింది. "ఏటే ఈస్వరీ, బొట్టెట్టి పిలిసినావని ఒచ్చినాం. సావునే ఊళ్లోకి పిలిసినావేటే?"

ఈశ్వరి ఆ పూట అన్నం ముట్టలేదు. ఆమె ముఖం చూసి రాముడు కూడా సగంలో చెయ్యి కడుక్కున్నాడు.

శుక్రవారం రెవెన్యూ అధికారి వచ్చి జనం మాట వింటాడు. జనం రాకపోతే పుస్తకంలో ఉన్నదే ఊరి మాట అవుతుంది. అంతకుముందు మాస్టారు నూతి కమిటీ పేరుతో ఫోన్లో మెసేజీలు పెట్టి మీటింగు పెడితే పదకొండు మంది వచ్చారు. అందులో ఇద్దరు ఫ్యాను కింద కూర్చుందామని వచ్చినవాళ్లు.

"నాను పిలుస్తాను మాస్టారూ" అంది ఈశ్వరి.

"ఎవరి తరఫున పిలుస్తావమ్మా? కమిటీ అని మాత్రం అనకు, ఉన్న పదకొండు మందీ రారు."

అదే చిక్కు. గొప్పింటి పిలుపంటే ఆ ఇంటి ముఖం చూసి వస్తారు. భరిణె పట్టుకుని మొదట కిరాణా కొట్టు ధనలక్ష్మి గడప ఎక్కి, ఏ ఇంటి పేరూ చెప్పకుండానే బొట్టు పెట్టబోయింది.

"ఎవలింట్లోనే పేరంటం?" అంది ధనలక్ష్మి.

"మా ఇంట్లోదేనమ్మా."

"మీ ఇంట్లో ఏటుంది?"

"మన నూతికి బాగోలేదు. శుక్రవారం పదిగంటలకి పంచాయితీ ఆపీసుకి రండి. ఆ రవికె గుడ్డ కూడా అట్టుకు రండి."

ధనలక్ష్మి వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. బొట్టు మాత్రం పెట్టించుకుంది. మిగతా గడపల్లోనూ అంతే. ఆ మూడు రోజులూ ఈశ్వరికి నిద్ర సరిగా పట్టలేదు.

శుక్రవారం పదిగంటలకి ఆఫీసులో ఉన్నది అధికారి, పుస్తకంతో ప్రదీప్, మాస్టారు, ఈశ్వరి. పదింబావు అయినా అంతే. ముప్పై ఏళ్లు ఊరి గడపలరిగేలా తిరిగితే, తన మాటకి విలువ ఇంతేనా అనుకుంది ఈశ్వరి. పదిగంటల పేరంటానికి రేవుపేటలో పదిన్నర దాకా ఎవరూ జడ కూడా వేసుకోరని ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. భయంలో అదే మరిచిపోయింది.

పదిన్నర దాటాక వచ్చారు. పట్టుచీరలు కట్టుకుని, తలలో పూలు పెట్టుకుని, వీధి పట్టనంత మంది వచ్చారు. కన్యాకుమారి ముందుకొచ్చి రవికె గుడ్డ బల్ల మీద పెట్టింది.

"గుడ్డ కోసం ఏలిముద్రేసినాను బాబూ. హోటలుకి ఏసినాననుకోకు."

ఒకరి వెనక ఒకరు పెడుతూ పోయారు. గుడ్డల గుట్టకి అధికారి కనబడకుండా పోతే అటెండరు వచ్చి పక్కకి జరిపాడు. ప్రదీప్ ఏదో చెప్పబోయాడు గానీ వినే నాథుడు లేడు. అధికారి పుస్తకం మూసేసి, ఇది ఒప్పుదల కిందికి రాదనీ, నీటి పరీక్షలు అయ్యేదాకా ఒక్క బోరు కూడా దించకూడదనీ రాశాడు. హోటలు మాట అప్పుడు చూద్దామన్నాడు.

రాస్తూ రాస్తూ తలెత్తాడు. "ఇంతమందిని పిలిచిందెవరు? పేరు రాసుకోవాలి."

అలవాటు కొద్దీ ఏదో ఇంటి పేరు చెప్పబోయి ఈశ్వరి ఆగిపోయింది. చెప్పడానికి ఏ ఇల్లూ లేదు.

"సెప్పవేటే, నీ పేరంటమే కదా" అంది వెనకనుంచి ధనలక్ష్మి.

"నానేనండి, ఈస్వరిని. మా ఇంటి పిలుపండి."

వీళ్లంతా తన ముఖం చూసి వచ్చారన్న సంగతి అప్పటికి తట్టింది ఆమెకు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అందరి ముందూ ఏడ్చేసింది.