నలభై ఒక్క పచ్చ గళ్లు

మా బావకు చూపు పూర్తిగా పోకముందు ఒకే ఒక్క కోరిక ఉండేది. కాశీకి పోవాలని కాదు, కొండకు పోవాలని కాదు. కంప్యూటర్‌లో ఆడే ఒక అంతరిక్షం ఆటలో ఎక్కడో దాగి ఉందని ఆడేవాళ్లంతా చెప్పుకునే ఒక పాత ఓడను తన కళ్లతో చూడాలని. నవ్వేవాళ్లు నవ్వొచ్చు. మొదట్లో నేనూ నవ్వినవాణ్ణే.

బావ అంటే మా అక్క మొగుడు. రాజుపాలెం పక్కన ఊరు, మిరపా పత్తీ వేసే మనిషి. దాంతోపాటు నీళ్లు చూసేవాడు. అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని చేలో నడిచేవాడు. అది ఎక్కడ నిలువుగా లేస్తే అక్కడ బోరు వేయమనేవాడు. కొన్నిచోట్ల నీళ్లు పడేవి, కొన్నిచోట్ల దుమ్ము లేచేది. బోరు ఫెయిలైందని మా వైపు ఎవడూ నోటితో ఒప్పుకోడు. "అంగుళం పడింది, ఎండాకాలం గదా, తగ్గింది" అంటారు. పరువు మరి. బావ మాత్రం తను చూపించిన చోట నీళ్లు పడకపోతే తనే వెళ్లి అక్కడొక రాయి పాతి వచ్చేవాడు, రేపు ఇంకొకడు వచ్చి అక్కడే మళ్లీ తవ్వకూడదని. చేను గలవాళ్లు సిగ్గుపడి ఆ రాయి పీకి గట్టు మీద పారేసేవాళ్లు. ఈయన వెళ్లి మళ్లీ పాతేవాడు. ఈ రాళ్ల గొడవతో రెండిళ్లవాళ్లతో మాటలు కూడా పోయాయి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని అక్క ఊరికే అనేది కాదు.

తరవాత షుగరు ముదిరింది. కాలి వేళ్లు రెండు తీసేశారు. పొలం పోవడం, నీళ్లు చూడటం, రెండూ ఆగిపోయాయి. ముందు గదిలో మంచం మీద కూర్చుని వీధిలో వెళ్లే ట్రాక్టర్లను పేరుపేరునా తిట్టడం ఒక్కటే మిగిలింది.

నేను సున్నం బట్టీల దగ్గర లారీలు తూచే కాటాలో పనిచేస్తాను. ఉదయం ఆరింటికి ఎక్కితే మధ్యాహ్నం రెండింటికి దిగుతాను. ఎనిమిది గంటలూ దుమ్ము, హారన్లు, డ్రైవర్లతో కీచులాట. దిగేసరికి ఒళ్లు నాది కానట్టుంటుంది. శబ్దం లేని చోటు కావాలని వెతికి వెతికి ఆ ఆట పట్టుకున్నాను. అందులో గెలవడం, ఓడటం పెద్దగా లేవు. అంతులేని ఆకాశం, లక్షల నక్షత్రాలు, ఒక్కోదాని చుట్టూ గ్రహాలు. మన ఓడలో మనం తిరగడమే. మా వీధిలో ఇన్వర్టరు ఉన్నది అక్కావాళ్లింట్లోనే కాబట్టి, కరెంటు గోల లేకుండా నా కంప్యూటరు వాళ్ల ముందు గదిలో పెట్టాను. అక్కడ మొదలైంది.

"ఏందిరా బామ్మర్దీ, పొద్దస్తమానం ఆ చుక్కల్లో ఏం వెతుకుతున్నావు?" అన్నాడు బావ ఒకరోజు.

చెప్పాను. ఆ ఆటలో ఒక కథ ఉంది. భూమి మీదనుంచి మొట్టమొదట బయల్దేరిన ఓడ ఎక్కడో ఆగిపోయిందట. ఇంతవరకూ దాన్ని చూసినవాడు లేడు. ఆట తయారుచేసినవాళ్లను అడిగితే ఉందంటారు గాని ఎక్కడో చెప్పరు. కొందరు దాని పక్కనుంచే వెళ్లిపోయారని మాత్రం ఒకసారి అన్నారు. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఎక్కడెక్కడి జనమో ఏళ్ల తరబడి వెతుకుతున్నారు.

"ఉందని చేసినోళ్లే చెప్పారా?"

"చెప్పారు బావా."

"ఐతే ఉంటది. భూమిలో నీళ్లన్నా ఉంటయ్యో లేదో గాని, ఇది ఉంటది" అని మంచం కంప్యూటరు దగ్గరికి జరిపించుకున్నాడు.

ఆ రోజునుంచి అది 'పెద్దోళ్ల ఓడ' అయింది. అప్పటికే ఈ వెతుకులాట కోసం ఫోన్లో మాకొక తెలుగు గ్రూపుంది, పదిహేనుమందిమి. దాన్ని నడిపేది కృష్ణ అవతలి ఒడ్డునుండే ఒకాయన, మిర్యాలగూడ వైపు. ఆకాశాన్ని భాగాలు చేసి మనిషికింత అని పంచేవాడు. అందరూ చూసుకునే షీటు ఒకటి పెట్టాడు. ఒక్కో నక్షత్రానికి ఒక్కో గడి. పూర్తిగా చూసి, ఏమీ లేదని తేలితే ఆ గడికి పచ్చరంగు వేయాలి. పచ్చగా ఉన్నచోటికి ఇంకెవరూ పోరు.

మా వంతు బావే ఎంచాడు. కొబ్బరికాయ తెప్పించి, అరచేతిలో పెట్టుకుని తెర ముందు కూర్చున్నాడు. నేను ఆకాశం పటాన్ని మెల్లగా తిప్పుతుంటే ఒకచోట "ఆగు, ఆగు! లేచింది" అన్నాడు. నాకైతే లేచినట్టు కనబడలేదు. గ్రూపులో చెబితే పడీ పడీ నవ్వారు గాని, ఆ పట్టీ అంత ఆకాశం మాకే రాసిచ్చారు. నూటిరవై నక్షత్రాలు.

వెతకడం అంత తేలిక కాదు. ఆ ఓడ మన ఓడల్లో ఉండే వెతికే యంత్రానికి అందదని అందరి నమ్మకం. ప్రతి గ్రహం దగ్గరికీ పోయి, చుట్టూ ఓడను తిప్పి, కంటితో చూడాలి. ఒక్కో నక్షత్రానికి ముప్పావుగంట, ఒక్కోసారి గంట. బావ ఒక్క రాయిని కూడా వదలనిచ్చేవాడు కాదు. "ఆ వెనకవైపు చూపిచ్చు. అట్టా కాదు, చీకటి వైపు" అంటూ తెరకు జానెడు దూరంలో మొహం పెట్టేవాడు. అక్క చప్పటి టీ గ్లాసు ఠక్కున పెట్టి, "ఉన్న చూపు కూడా దాంట్లో పోసెయ్యండి, ఓ పనైపోద్ది" అనేది. కళ్లకూ తెరకూ సంబంధం లేదు, షుగరు వల్ల లోపల రక్తం కారుతోందని డాక్టరు చెప్పాడు. ఎడమ కన్ను అప్పటికే పోయింది. కుడికన్ను ఎన్నాళ్లుంటుందో చెప్పలేమన్నాడు. బావ నాతో ఒక్కసారే అన్నాడు. "ఇది పోయేలోపు ఆ ఓడ కనబడితే చాలురా. పుట్టి ఇన్నేళ్లయింది, ఎవుడూ చూడంది ఒక్కటన్నా నేను ముందు చూడాల."

కంటికి ఇంజెక్షన్లు మొదలయ్యాయి. అక్క ఆయన్ను గుంటూరు తీసుకెళ్లేది. వెళ్లిన ప్రతిసారీ మూడు నాలుగు రోజులు అక్కడే చుట్టాలింట్లో ఉండేవాళ్లు. ఇంటి తాళం నా దగ్గరుండేది. వాళ్లు లేనప్పుడు పని ఆగకూడదని బావ ఆజ్ఞ.

అవి బట్టీలు జోరుగా నడిచే రోజులు. కాటా దగ్గర లారీల బారు రోడ్డు దాకా ఉండేది. రెండింటికి దిగాల్సినవాణ్ణి నాలుగింటికి దిగేవాణ్ణి, బావకు ఆ సంగతి తెలియదు. తాళం తీసి, కంప్యూటరు ఆన్ చేసి, బావ మంచం మీద ఒక్క నిమిషం నడుం వాల్చేవాణ్ణి. లేచేసరికి సందె పడేది. అప్పుడే ఫోను.

"చూశావా?"

"చూశా బావా."

"ఎన్ని?"

"నాలుగు."

"ఏమన్నా?"

"ఏం లేదు. రాళ్లు, మంచు."

ఫోను పెట్టేసి నాలుగు గళ్లకు పచ్చ వేసేవాణ్ణి. మొదటిసారి ఒక్కో గడి దగ్గరా ఆగి ఆగి వేశాను. రెండోసారి నాలుగూ ఒక్క ఊపులో వేసేశాను. లక్షల్లో నాలుగు, అందులో ఉంటుందా చస్తుందా అనుకున్నాను. అలా మూడు నెలల్లో నలభై ఒకటి అయ్యాయి. నిద్ర పట్టినందుకు నన్ను నేను తిట్టుకోను. చూశానని చెప్పినందుకు తిట్టుకుంటాను.

ఒక ఉదయం బావ లేచి, కిటికీ తెరవమని అక్కతో అన్నాడట. కిటికీ తెరిచే ఉంది. ఆ తరవాత ఆయనకు వెలుగూ నీడా తప్ప ఏమీ తెలియలేదు. మనిషి ఒకరోజంతా గోడవైపు తిరిగి పడుకున్నాడు. రెండోరోజు నన్ను పిలిచి, "మన పట్టీ మొత్తం అయిపోయిందిగా?" అన్నాడు. అయిపోయిందన్నాను. "సర్లే. మన పట్టీలో లేదు. అంతే" అని మళ్లీ పడుకున్నాడు.

వారానికి గ్రూపులో కలకలం. ఎవరో పరదేశీ ఆటగాళ్లకు ఒక పాత సంకేతం దొరికిందట. అది చూపించే దిక్కు మా పట్టీ అంచుకు తగులుతోంది. కృష్ణ అవతలాయన నాకు ఫోన్ చేశాడు.

"అన్నా, మీ దిక్కు అన్నీ చూసిండ్రు గద? మొత్తం పచ్చగనే ఉన్నది. గట్లయితే అటు ఇడిచిపెట్టి మేం కిందికెళ్లి పోతం. మీ బావ ఒక్క రాయి ఇడువడని అందరికీ ఎరుకే."

నా పరిస్థితి తేలు కుట్టిన దొంగలా ఉంది. అరవలేను, ఊరుకోలేను. ఉండు, చెబుతానని ఫోను పెట్టేసి తిన్నగా బావ దగ్గరికి వెళ్లాను. మంచం కోడు పట్టుకుని మొత్తం చెప్పేశాను.

ఆయన లేచి కూర్చున్నాడు.

"ఎన్నిరా?"

"నలభై ఒకటి."

"నీళ్లు పడకపోతే నేను రాయి పాతా. నువ్వు తవ్వకుండానే పాతావు గదరా!" అని గట్టిగా అరిచాడు. వంటింట్లోంచి అక్క పరుగెత్తుకొచ్చింది.

"బాగా అలిసిపోయి వచ్చేవాణ్ణి బావా..."

"అలిసిపోతే అలిసిపోయానని చెప్పు. చూళ్లేదని చెప్పు. అప్పుడు నాకు కన్నుంది గదరా, ఎదవా. వచ్చి నేనే చూసుకునేవాణ్ణి."

అక్క నన్ను బయటికి పొమ్మని సైగ చేసింది. వసారాలో నిలబడి ఏడ్చాను. నలభై దాటినవాణ్ణి, ఆట కోసం ఏడవడమేమిటని సిగ్గేసింది, అయినా ఏడ్చాను. తరవాత గ్రూపులో ఉన్నదున్నట్టు రాసి, నలభై ఒక్క గళ్లకూ పచ్చ తీసేశాను. అందరూ చూసినట్టు గుర్తులు పడ్డాయి. ఒక్కరూ బదులివ్వలేదు.

నాలుగు రోజులకు బావే కబురు పెట్టాడు. "ఆ నలభై ఒకటీ చూద్దాం, పెట్టు" అన్నాడు. మొహంలో మాత్రం కోపం తగ్గలేదు.

నేను నడుపుతూ కనబడేదంతా చెప్పాలి, ఆయన వినాలి. మొదటి నక్షత్రం అయ్యాక, "ఏం లేదు బావా" అన్నాను.

"ఏమే! ఒకసారి ఇట్టా రా" అని అక్కను కేకేశాడు. "ఈడు ఏం లేదంటన్నాడు. నువ్వు చూసి చెప్పు."

ఆ ఆటంటేనే ఒంటికి కారం రాసుకున్నట్టుండే మా అక్క తడిచేతులు చెంగుకు తుడుచుకుంటూ వచ్చి తెరలోకి చూసింది. "ఒక బంతి తిరగతంది. ఇంకొకటి దాని వెనకాల ఉంది. ఓడా లేదు, గీడా లేదు" అంది. అప్పుడు, "సరే, పచ్చ పెట్టు" అన్నాడు.

నలభై ఒక్కటికీ అంతే. నా మాట చెల్లలేదు. కూర మాడుతున్నా, బట్టలు నానుతున్నా అక్క వచ్చి చూసి చెబితేనే గడి నిండేది. కాటాలో ఎంత కీచులాడినా చివరికి నేను చెప్పిన తూకమే చెల్లుతుంది. ఇక్కడ మాత్రం సాక్షి లేకుండా నా మాట పనికిరాదు. బాధగానే ఉండేది. తగిన శాస్తి అని కూడా అనిపించేది.

నెల పట్టింది. ఆఖరిది చూసిన రోజు అక్క మిరపకాయల కోతకు వెళ్లింది. చిన్న ఎర్ర నక్షత్రం, చుట్టూ రెండే రెండు గ్రహాలు. రెండింటి చుట్టూ మూడేసి సార్లు తిరిగాను, చీకటి వైపు కూడా.

"లేదు బావా. నిజంగా లేదు. ఒట్టు."

"అక్కని రానీ."

ఇక చేసేదేమీ లేక ఓడను అక్కడే నిలిపి కూర్చున్నాం. గంటన్నర. కోతలనుంచి వచ్చిన అక్క కారం చేతులు కడుక్కుని, తెర ముందు వంగి, అంతకుముందు ఎప్పుడూ చూడనంతసేపు చూసింది. చివరికి, "లేదయ్యా" అంది. ఆ గొంతు విన్నాక నాకు తెలిసింది, ఉంటే బాగుండునని అక్క కూడా అనుకుందని.

బావ తల ఊపాడు. పచ్చ పెట్టాను. దీంతో అయిపోయింది, ఇంటికెళ్లి పడుకోవచ్చు అనుకుని లేవబోతుంటే ఆయన అడిగాడు.

"ఒరేయ్, నువ్వు తప్పు ఒప్పుకున్నప్పుడు గ్రూపులో ఎవురన్నా తిట్టారా?"

"లేదు బావా."

"ఒక్కడన్నా?"

"ఒక్కళ్లు కూడా తిట్టలా."

"బోరు ఫెయిలైనోణ్ణి ఇంకో ఫెయిలైనోడు తిట్టడురా" అన్నాడు. "అందరూ పనికి పోయొచ్చేవోళ్లే. అలిసిపోయింది నువ్వొక్కడివేనా? ఆళ్ల పచ్చలు కూడా మొదట్నించీ చూడాల."

షీటులో ఎన్ని పచ్చ గళ్లున్నాయో ఆయనకు తెలుసు. వేలు.

"ఎవరు చూస్తారు బావా?"

"నువ్వు తిప్పు. మీ అక్క చూసి చెప్పుద్ది. నేను వింటా."

వద్దని అక్క అంటుందేమోనని ఆశగా ఆమె వైపు చూశాను. ఆమె నడుం పట్టుకుని, "రోజూ ఇట్టా వంగి చూడటం నా వల్ల గాదు. ఆ కుర్చీ ఇట్టా పడెయ్" అంది. వసారాలోంచి కుర్చీ తెచ్చి బావ మంచం పక్కన వేశాను.