మా అక్క గొంతు గాలిలోకి పోయిన ఆదివారం

ఆ రోజుల్లో నాకు ఒకేసారి రెండు ఊళ్లలో ఉండాలన్న పిచ్చి ఉండేది. మనిషిని ఆదిలాబాద్‌లో, మనసు సుల్తానాబాద్‌లో. (మనసంటే మీరు ఇంకేదో అనుకునేరు. ఇరవై నాలుగేళ్ల వయసుకు తగిన కారణమేదైనా ఉంటే ఇంట్లోవాళ్లయినా సంతోషించేవాళ్లు. నా మనసు చిక్కుకున్నది ఒక రేడియో డబ్బాలో.) పాటలు వినే రేడియో కాదది. ప్రభుత్వం పెట్టే పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకొని, ఇంట్లో కూర్చుని ఎక్కడెక్కడి మనుషులతోనో మాట్లాడుకునే హామ్ రేడియో. ఫోన్ ఉండగా ఇదెందుకని అడిగినవాళ్లందరితో ఆ వయసులో నేను తగువు పెట్టుకున్నాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే చాయ్ తాగమని చెప్పి ఊరుకుంటున్నాను.

ఆ డబ్బా సుల్తానాబాద్‌లో మా అక్క బట్టలు కుట్టే గదిలో, ఆమె మిషన్ పక్కనున్న బల్ల మీద ఉండేది. దాని యాంటెన్నా వైరు మిద్దె మీద రెండు కట్టెల మధ్య వేలాడేది. అవ్వ, బాపు పోయాక ఆ ఇంట్లో మిగిలింది మేమిద్దరమే. బావ మస్కట్‌లో ఉండేవాడు. నాకు ఆదిలాబాద్‌లో ఒక జిన్నింగ్ మిల్లులో కాంటా గుమాస్తా పని దొరికింది. పత్తి బండ్లు వస్తుంటే తూకం రాయడమే పని. అక్కడ అద్దెకుండే ఇంటి మిద్దె మీద వైరు కడతానంటే ఇంటాయన ససేమిరా అన్నాడు. "పిడుగు పడ్డదంటె నా ఇల్లు పోతది, నీదేం పోతది? సంచి సర్దుకొని పోతవు" అన్నాడు. అందుకని శనివారం కాంటా మూయగానే ఉరుకులు పరుగుల మీద నిర్మల్ బస్సెక్కి, అక్కడినుంచి జగిత్యాల, కరీంనగర్ మీదుగా బస్సులు మారి ఇల్లు చేరేవాణ్ని. ఆదివారం పొద్దున రేడియోలో మాట్లాడి, అక్క పెట్టింది తిని, మధ్యాహ్నం మళ్లీ బస్సు. తినేటప్పుడు కూడా ఒక చెవికి హెడ్‌ఫోన్ ఉండేదని, అక్క మాటలకు 'ఊ' కొట్టేది రెండో చెవేనని ఒప్పుకోవాలి.

ఆదివారం పొద్దున ఏడున్నరకు అంత ముఖ్యమైన పనేమిటంటే, హాజరు పిలుపు. నాకు ఈ విద్య నేర్పిన సార్ మెట్‌పల్లిలో ఉండేవారు. బడి నుంచి రిటైరయినా హాజరు తీసే అలవాటు పోక, ప్రతి ఆదివారం రేడియోలో మా పదిహేను మందిని ఒక్కొక్కరిగా పిలిచి, ఎవరి మాట ఎట్లా వినబడుతుందో చెప్పించేవారు. ఆ ఏడు సార్‌కు చెవులు మందగించాయి. "ఇగ నాతోని కాదు. మీలనే ఎవలన్న పిలువుండ్రి. ఎవలు మంచిగ చేస్తె వాళ్లకే ఇస్త" అన్నారు ఒక ఆదివారం. అంతే, నాకు కుదురు పోయింది. పోటీకి ఉన్నది మంచిర్యాల వకీలు సాబు ఒక్కడే. ఆయన గొంతు గంటలా ఉంటుంది, తొందరపడే రకం కాదు. నాకేమో పత్తి సీజను మొదలైంది, శనివారం కాంటా ఎప్పుడు మూస్తారో దేవుడికే తెలియాలి.

అప్పుడు దొరికింది ఆ సాఫ్ట్‌వేర్. ఇంట్లో రేడియోకు ఒక పాత కంప్యూటర్, నెట్టు తగిలించి వస్తే చాలట, ఇక్కడ లాప్‌టాప్‌లో మీట నొక్కితే అక్కడ రేడియో తిరుగుతుందట, ఇక్కడ మాట్లాడితే అక్కడినుంచి ప్రసారం అవుతుందట. మొదటి పదిహేను రోజులు ఉచితం, ఆ తర్వాత కొనుక్కోవాలి. ఉచితంగా దొరికేవి వేరే ఉన్నాయి, కొంచెం ఓపిగ్గా అమర్చుకోవాలంతే అని వకీలు సాబు చెప్పాడు. ఓపికే ఉంటే నేను నేనెందుకవుతాను? మూడో రోజుకే డబ్బు కట్టేశాను. (మిగిలిన పన్నెండు ఉచిత రోజులు ఎవరికి దానం చేశానో ఇప్పటికీ తెలియదు.) సగం నెల జీతం. అక్క అడిగితే "ఫిరీ అక్కా" అన్నాను.

ఆ తర్వాత నా అవస్థ చెప్పనలవి కాదు. అంతకుముందు వారానికొకసారి ఉండే ఆరాటం ఇప్పుడు గంటకొకసారి వచ్చేది. కాంటా మీద పత్తి బండి ఉండగానే ఫోన్ తీసి, సుల్తానాబాద్‌లో రేడియో వెలుగుతుందో లేదో చూసుకునేవాణ్ని. ఒకసారి బండి దిగని రైతును కూడా కలిపి తూకం రాస్తే సేటు నానా మాటలన్నాడు. పొద్దున రేడియో పెడితే చెవుల్లో ఒకటే గుర్రుమనే చప్పుడు. అక్క మిషన్ మోటారుది. వెంటనే ఫోన్.

"అక్కా, జర మిషన్ బంద్ చెయ్యవా?"

"పండుగ జాకెట్లు ఇరువై ఉన్నయిరా. నీ డబ్బ బంద్ చేసుకో."

"ఐదే నిమిషాలక్కా."

"ఐదు నిమిషాలైతె రెండు చేతులు కుడ్త. అయినా గిదేందిరా, డబ్బ దానంతట అదే తిరుగుతుంది! మొన్న కుడుతుంటె అంకెలు గిర్రున మారినయి. పానం పోయినంత పనైంది."

"నేనే అక్కా తిప్పింది."

"నువ్వే అని నాకెట్ల తెలుస్తది?" అని పెట్టేసేది. ఆరు శనివారాలు గడిచాయి. నేను ఇంటికి పోలేదు. బస్సు ఛార్జీలు మిగిలాయని, నా తెలివిని నేనే మెచ్చుకున్నాను.

ఏడో ఆదివారం హాజరు నన్ను పిలవమన్నారు సార్. శనివారం సాయంత్రమంతా కాలుగాలిన పిల్లిలా గదిలో తిరిగాను. బాగానే పనిచేస్తున్న సాఫ్ట్‌వేర్‌ను ఇంకా బాగు చేద్దామని దానిలోని అమరికలన్నీ ఒకసారి మార్చాను, మళ్లీ వెనక్కి మార్చాను. ఒక్కటి తప్ప. ప్రసారం కావాల్సింది లాప్‌టాప్ ముందున్న నా గొంతా, లేక సుల్తానాబాద్‌లో రేడియోకు తగిలించిన మైకులో పడే గొంతా అని అడిగే చోటు ఒకటుంటుంది. దాన్ని మర్చిపోయాను.

పొద్దున ఏడున్నరకు తల దువ్వుకొని మరీ కూర్చున్నాను. (రేడియోలో తల కనబడదని తెలుసు.) మీట నొక్కి, సార్‌కు నమస్కారం చెప్పి, రాసుకున్న రెండు పేజీల ఉపన్యాసం చదివి, పదిహేను పేర్లు ఆగకుండా పిలిచాను. మీట నొక్కి ఉన్నంతసేపు అవతలి మాట వినబడదు. మీట వదిలాను. తర్వాత ఎవరో దగ్గారు. ఆ తర్వాత వకీలు సాబు గొంతు వచ్చింది, చాలా మర్యాదగా: "తమ్మీ, నీ మాట ఒక్కటి సుత రాలే. మీ అక్క మాత్రం సాఫ్‌గ వచ్చింది."

పదిహేను మందీ ఊపిరి బిగబట్టి విన్నారట. వకీలు సాబు అలవాటు కొద్దీ రికార్డు చేసి నాకు ఫోన్లో పంపాడు. చర్చికి పోయే వేళకు జాకెట్టు కావాలని పక్కింటి వదిన వచ్చి కూర్చున్నట్టుంది. ఆమె గొంతు దూరంగా, మైకు పక్కనే కుడుతున్న అక్క గొంతు దగ్గరగా.

"గిదేంది, లైటు ఎర్రగైంది?"

"మా తమ్ముడు వదినా. అక్కడ మాట్లాడుతుండు. ఎర్రగైతె మాట్లాడుతున్నట్టు."

"అక్కడ కూసొనా? మస్తు పైసలైతయి గావచ్చు."

"ఫిరీ అన్నడు. బ్యాంకుల నా నంబరే ఇచ్చిండు గదా, మెసేజ్ నా ఫోనుకే వచ్చింది. ఊకున్న. అడిగితె పరేషాన్ అయితడు." కాసేపు మిషన్ చప్పుడు. "పైసలు పోతె పోనీ వదినా. గిది కొన్నకాంచి ఇంటికి వచ్చుడే బంద్ చేసిండు. డబ్బ కోసమే వస్తుండె, నాకు తెల్వదా? అయినా వస్తుండె గదా. శనివారమొస్తె రెండు గ్లాసుల బియ్యం ఎక్కువ కడుగుతుంటి. ఇప్పుడు సుత చెయ్యి అటే పోతది."

రికార్డు అక్కడితో అయిపోలేదు, జాకెట్టు చేతులు బిగువైన సంగతి ఇంకా చాలా ఉంది. నేను అక్కడే ఆపేశాను. సిగ్గు వేసింది. పదిహేను మంది విన్నందుకు కాదు, ఆ పదిహేను మంది విన్నాక ఆఖరున నేను విన్నందుకు. సార్ మాత్రం ఏమీ జరగనట్టే అన్నారు: "లైసెన్స్ లేని మనిషి మాట్లాడుడు తప్పు. వచ్చే ఆదివారం మళ్ల పిలువు. గానీ డబ్బ ముందల కూసొని పిలువు."

తర్వాతి శనివారం సేటును బతిమాలి సగం రోజు సెలవు తీసుకొని బస్సెక్కాను. ఆ ఆదివారం ఇంట్లో కూర్చునే హాజరు పిలిచాను. తొందరలో ఇద్దరిని వదిలేశాను, ఒకరిని రెండుసార్లు పిలిచాను. ఆ పని వకీలు సాబుకే పోయింది. బాధపడ్డానా అంటే, పడ్డాను. కానీ ఇన్నేళ్ల తర్వాత నాకు గుర్తొచ్చేది అది కాదు. ముందటి సాయంత్రం నేను చెప్పాపెట్టకుండా వెళ్లి తలుపు కొట్టినప్పుడు, మెడలో టేపు వేసుకొని వచ్చి తలుపు తీసిన అక్క ముఖం. సంతోషించబోయి, అంతలోనే కంగారుపడింది.

"ఏమైందిరా? డబ్బ ఖరాబైందా?"

"అవునక్కా" అన్నాను. "జర ఖరాబైంది."

"అయితె సూసుకో, మిషన్ బంద్ పెడ్త" అని లోపలికి పోయింది. బియ్యం డబ్బా మూత చప్పుడైంది. రేడియో డబ్బా బాగానే ఉంది, నీకోసమే వచ్చానని చెప్పడానికి ఏ పరీక్షా రాయనక్కరలేదు, మీటా నొక్కనక్కరలేదు. దేశమంతటితో మాట్లాడగలనని విర్రవీగిన ఆ కుర్రవాడు, మూడడుగుల దూరంలో ఉన్న మనిషికి ఆ ఒక్క మాట చెప్పలేక, బాగున్న రేడియోను విప్పి ముందేసుకొని, అన్నం ఉడికేదాకా దాన్ని బాగుచేస్తూ కూర్చున్నాడు.