మా అవ్వ నాయనమ్మ అయిన కథ

మొన్న నేను చిక్కుడుకాయలు ఒలుస్తుంటే మా అమ్మాయి ఫోన్‌లో ఒక వీడియో పెట్టింది. ఒకప్పుడు ఇంటర్నెట్‌లో నాకు కథలు రాయడం నేర్పిన గురువుగారు, పేరున్న రచయిత, జుట్టంతా తెల్లబడి, "మాండలికమే కథకు ప్రాణమండీ" అని సెలవిస్తున్నారు. ఒళ్లు మండిపోయింది. ఫోన్ నా చేతిలో లేదు కాబట్టి బతికిపోయింది.

తెలంగాణ ఉద్యమం ఊపుమీదున్న రోజుల్లో చంపాపేట్‌లో మా కాపురం. బడిలో టీచర్ని. ఇంట్లో కంప్యూటర్ లేదు గనక దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక నెట్ సెంటర్‌కు పోయి ఆయన బ్లాగులో పాఠాలు చదివేదాన్ని. బంద్ రోజైతే సగం దించిన షట్టర్ కింద వంగి దూరేదాన్ని. "ఊరంతా గొడవగా ఉంటే మీకు కథలేంటండీ" అని గుంటూరు నుంచి వచ్చిన సెంటరాయన నవ్వేవాడు. ఆ నవ్వు నాకు కిట్టేది కాదు గానీ ప్రింట్లు మాత్రం చక్కగా తీసేవాడు. గురువుగారి సూత్రాల్లో నాకు వేదవాక్కు ఒకటుంది: రాసిన మొదటి పేరా జాలి లేకుండా కొట్టేయాలి, అసలు కథ రెండో పేరాలో మొదలవుతుంది. నేనెంత బుద్ధిమంతురాలినంటే, బడికి రాసిన సెలవు చీటీలోనూ మొదటి వాక్యం కొట్టేశాను. జ్వరం ఎవరికో తెలియక హెడ్మాస్టరు నన్ను పిలిచి అడిగాడు.

అదే బుద్ధితో మా అవ్వ మీద రాసిన కథలోనూ మొదటి పేరా కొట్టేశాను. నాదర్‌గుల్ నుంచి పాలకూర గంప నెత్తిన పెట్టుకొని సైదాబాద్ దాకా నడిచి అమ్మి, నన్ను చదివించి, నా ఉద్యోగం చూడకుండానే పోయిన మనిషి. "నన్ను కన్నది అవ్వ" అన్న మాట ఆ పేరాతోనే పోయింది. మా వైపు అవ్వంటే అమ్మ, గురువుగారి వైపు నాయనమ్మో, ఎవరో ముసలావిడో. ఆయన నెట్ పత్రికలో కథ వచ్చింది. అవ్వ ఉన్న చోటల్లా నాయనమ్మ! కింద ఆయన వ్యాఖ్య: "నాయనమ్మ పోతే ఇంత ఏడుపు అసహజం. సగం తగ్గించాను."

అవ్వంటే అమ్మ సార్, మార్చండి అని ప్రాధేయపడుతూ రాశాను. జవాబు మూడు ముక్కల్లో వచ్చింది. "అందరికీ అర్థమయ్యే తెలుగు రాయండమ్మా. ఉద్యమాన్ని కథల్లోకి తేకండి. ప్రచురించాక మార్పులుండవు." అందరూ అంటే ఎవరో, అందులో మా బాపు, అంటే మా నాన్న, ఎందుకు లేడో ఇప్పటికీ నాకు తెలియదు.

కథ వస్తోందని ముందే గొప్పలు చెప్పుకున్న పాపానికి, బాపుకు ప్రింటు పట్టుకెళ్లక తప్పలేదు. మార్చిన సంగతి చెప్పడానికి నోరు రాలేదు. ఆయన అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, కళ్లజోడు తీశాడు.

"మా అవ్వ ఎన్నడు గంప ఎత్తలే బిడ్డా. మీ అవ్వ కష్టం తీస్కపోయి మా అవ్వకెందుకు పెట్టినవ్?"

ఆ గురువుగారిని నేను క్షమించలేదు, ఆ పేరా కొట్టేసిన నా చేతినీ క్షమించలేదు. బాపు పోయి చాలా ఏళ్లయింది. కథ ఇంకా నెట్‌లో అలాగే ఉంది. కాలం గురువుగారి చేత మాట మార్పించింది గానీ, బాపు బతికుండగా మార్పించడానికి దానికి తీరిక దొరకలేదు.