పెన్సిలుతో మొదలుపెట్టే అక్క

మా కాలేజీ కంప్యూటర్ ల్యాబ్‌లో పనిచేసే అక్క మొరాయించిన కంప్యూటర్ ముందు కూర్చోగానే కీబోర్డు ముట్టేది కాదు. ముందు పెన్సిలు తీసి, తెర మీద ఉన్నదంతా ఉన్నట్టే కాగితం మీద రాసుకునేది.

ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేశాక నా లాప్‌టాప్‌లో లినక్స్ సిస్టమ్ లేవలేదు. నాయన వేసిన కలంకారీ బొమ్మల స్కాన్లన్నీ అందులోనే ఉన్నాయి. తిరుపతిలో అడిగిన ప్రతి కంప్యూటర్ షాపువాడూ డిస్కంతా తుడిచి ఫార్మాట్ చేయాల్సిందే అన్నాడు.

అక్క యూఈఎఫ్ఐ బూట్ జాబితా, అంటే ఆన్ చేయగానే ఏ సిస్టమ్‌ని లేపాలో లాప్‌టాప్ చూసుకునే పేర్ల పట్టీ, మొత్తం రాసుకుంది. "ఈడ లినక్స్ పేరు ఎగిరిపోయుండాది, సూడప్పా. నీ బొమ్మలు యాడికీ పోలేదు," అంది. లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్‌తో లాప్‌టాప్‌ను లేపి, జాబితాలో ఆ పేరు మళ్ళీ చేర్చింది. కాసేపటికి నాయన వేసిన నెమలి తెర మీద విప్పారింది.

"ముందే అంతా ఎందుకు రాస్తావక్కా?" అన్నాను.

"ఒకసారి రాసుకోకుండా, తొందరపడి డిస్కు తుడిచేసినాను," అంది, ఆ కాగితం నాకిస్తూ. "మా నాయన గొంతు రికార్డయి ఉన్నింది అదొక్కదాంట్లోనే."