బస్సులో బౌద్ధం

పిల్లల కోసం బౌద్ధం మీద పుస్తకం రాస్తున్నానన్న గర్వంతో, పాత బౌద్ధారామం చూద్దామని మద్దిలపాలెంలో తొట్లకొండ వైపు బస్సెక్కాను. నా పక్కన ఒక పదేళ్ల పిల్ల, చేపల బుట్టతో వాళ్లమ్మ కూర్చున్నారు. రుషికొండ దాటగానే ఆ పిల్లకు పాఠం మొదలుపెట్టాను.

"ఈ కొండల మీది భిక్షువులు ఓడలెక్కి శ్రీలంక, బర్మా దాకా వెళ్లారమ్మా."

"ఏటి అట్టుకెళ్లారండి? సేపలా?"

"కాదు, బుద్ధుడి మాట. ఆశ తగ్గితే బాధ తగ్గుతుందని."

ఆ పిల్ల నా పక్కనున్న కిటికీ వైపు చూసింది.

"అయితే కిటికీ సీటు నాకిచ్చెయ్యండి. మా నాన్న పడవొత్తందేమో సూత్తాను."

వాళ్లమ్మ కసిరింది. నేను మాత్రం బుద్ధుడి తమ్ముడిలా చిరునవ్వుతో లేచి సీటిచ్చాను. రెండు మలుపులు తిరిగేసరికి ఆ నవ్వు మాయమైంది. సముద్రం కనబడక మెడ సాచి అవస్థపడుతుంటే, పిల్ల నావైపు జాలిగా చూసింది.

"మీకింకా తగ్గలేదేటండీ?"