మేకపోతు ఒప్పుకోలేదు

1948 వేసవి. నూజివీడు పశువుల ఆసుపత్రిలో నేను వెటర్నరీ కాంపౌండర్‌ని. డాక్టరుగారు చెప్పిన మందులు కలపడం, సూదులు వేయడం, పుండ్లు కడగడం నా పని. రెండేళ్ల సర్వీసుకే పశువుల గురించి నాకు తెలియనిది లేదని తెగ మిడిసిపడేవాణ్ణి.

ఆ రోజు రెడ్డిగూడెం దగ్గర ఒక మామిడితోటకి వెళ్లాను. కాయలు తోలే బండెద్దులకి రిండర్‌పెస్ట్ టీకాలు వేయాలి. మందలకి మందల్నే తుడిచిపెట్టే జబ్బది. తీరా వెళ్తే కోత మొదలే కాలేదు. కూలీలంతా గట్టు మీద కూర్చుని ఉన్నారు. తోట కౌలుకి తీసుకున్న నూజివీడు షావుకారుగారు గొడుగు కింద చెమటలు తుడుచుకుంటున్నారు.

అక్కడొక ఆచారం ఉంది. అమ్మవారికి మేకపోతుని బలి ఇవ్వందే కూలీలు చెట్టెక్కరు. అయితే నరికే ముందు దాని ఒంటి మీద పసుపునీళ్లు పోసి ఎదురుచూస్తారు. తల గానీ ఒళ్లు గానీ విదిలించిందా, చావుకి ఒప్పుకున్నట్టు. పొద్దు నడినెత్తికొచ్చే దాకా విదల్చకపోతే వదిలేస్తారు. ఇక దాన్ని జన్మలో ఎవరూ కోయరు. ఇంకో పోతుని వెతికి తెచ్చి మర్నాడు మొదలుపెట్టాలి.

ఆ పోతుని పెంచింది తోట కాపలావాడి భార్య వెంకమ్మ. పుట్టగానే తల్లి చచ్చిపోతే గుడ్డ పాలలో ముంచి నోటికందించి బతికించిందట. అమ్మవారికి అడిగితే కాదనలేక ఇచ్చింది. అప్పటికి మూడుసార్లు నీళ్లు పోశారు. పోతు వెంకమ్మ వైపే చూస్తూ కదలకుండా నిలబడింది. "విదల్చమాకు నా తండ్రీ, ఇంకాసేపు" అని ఆమె గొణుక్కుంటోంది.

షావుకారుగారు నన్ను చూడగానే విసుక్కున్నారు. "చూశారాండీ ఈ చోద్యం. నేనసలు మాంసం ముట్టనివాణ్ణి. మేకపోతుగారి అనుమతి కోసం పొద్దుటినుంచీ కాసుక్కూచున్నాను. అవతల కాయ పండిపోతోంది."

నాకు హుషారొచ్చింది. ఈ పిచ్చి నమ్మకం పోగొడితే బలీ ఆగుతుంది, వెంకమ్మా సంతోషిస్తుంది అనుకున్నాను. అందరికీ వినపడేలా పాఠం మొదలుపెట్టాను.

"ఒప్పుకోవడమూ లేదు, పాడూ లేదండీ. దీన్ని రిఫ్లెక్స్ అంటారు. మనసుతో పని లేకుండా ఒళ్లు తనంతట తాను చేసే పని. తుమ్మొస్తే మనం ఆపుకోగలమా? చెవిలో రెండు చుక్కలు నీళ్లు పడితే ఏ మేకైనా తల విదిలిస్తుంది. దానికి చావు గురించి ఏం తెలుసు?"

"అంతేనాండీ?" అన్నారు షావుకారుగారు. కూలీల మేస్త్రీ వైపు చూశారు. మేస్త్రీ చెంబు తీసుకుని పోతు చెవిలో నీళ్లు వంచాడు. అది తల టపటపా విదిలించింది. ఎవరూ అడ్డు చెప్పలేదు, వాళ్లకీ పని మొదలవాలి. నేను "ఆగండి" అనే లోపే కత్తి దిగింది.

వెంకమ్మ ఏడవలేదు. నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"అది ఒద్దంది గదయ్యా. పొద్దుటినుంచీ ఒద్దంటానే ఉంది. మాకందరికీ అర్థమైంది. సదూకున్నోరు, మీకే అర్థం కాలేదు."

ఎద్దులకి టీకాలు వేసి, ఎవరి వైపూ చూడకుండా వచ్చేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ పోతు తెలిసే నిలబడిందో, భయంతో బిగుసుకుపోయిందో, పెంచిన మనిషి ఎదుట ఉందన్న ధీమాతో ఉందో నాకిప్పటికీ తెలియదు. సర్వీసంతా పశువుల మధ్యే గడిచింది, అయినా తెలియలేదు. తెలియనప్పుడు నోరు మూసుకోవాలని మాత్రం తెలిసింది. ఆ ఆచారం మూఢనమ్మకమే కావచ్చు. కానీ చంపబోయే జీవాన్ని ఒక మాట అడిగి, జవాబు కోసం ఎండలో కూర్చోవడం మనుషుల్లో నేను అక్కడే చూశాను. దాన్ని నా చేతులతో నేనే పాడుచేశాను.

మరుసటేడు నుంచి ఆ చుట్టుపక్కల తోటల్లో ఒంటి మీద నీళ్లు పోయడం మానేశారు. నేరుగా చెవిలోనే పోసేవారు. ఆ తర్వాత ఒక్క పోతు కూడా ఒద్దనలేదు.