బండలో దొరికిన చెట్టు

ఇరవై ఏళ్ళపాటు నేను నోరు విప్పి చెప్పని మాట ఒకటుంది: ఆ బండలో దొరికింది చెట్టు కాదు. ఆ రోజుల్లో, అంటే యాభైల్లో, బి.యస్సీ. చదివినవాడికి విశ్వం ఎలా పుట్టిందో తెలిసే ఉంటుందని ఎర్రగుంట్ల వైపు జనం నమ్మేవాళ్ళు. (రెండోసారి రాసి పాసయ్యానని నేనెవరికీ చెప్పలేదు.) కొత్తగా హైస్కూల్లో సైన్సు అయివారుగా చేరిన నేను, సెలవురోజుల్లో నాపబండల గనికి పోయి, సంగటి తింటున్న కూలీలకు దేవుడు లేడని బోధించేవాణ్ణి.

అక్కడి మేస్త్రీని అందరూ బండల తాత అనేవాళ్ళు. ఆదివారం చర్చిలో వాక్యం చదివేవాడు. మిగతా రోజుల్లో ఏ బండ ఎటు చీలుతుందో ఆయన తట్టి చెబితేనే కూలీలు ఉలి పెట్టేవాళ్ళు. ఒకరోజు ఒక బండ చీలితే లోపల నల్లని ఆకులూ రెమ్మలూ కనిపించాయి. నేను ఎగిరి గంతేశాను. "చూడండి! లక్షల ఏళ్ళ కిందటి చెట్టు! లోకాన్ని దేవుడు ఆరు దినాల్లో చేసుంటే ఇది యాడ నుంచి వచ్చినట్టు?"

తాత దాన్ని వేలితో తడిమాడు. "చెట్టు కాదు అయివారూ. సందులో నీళ్ళు దిగి పట్టిన మరక. ఇట్లాంటివి శానా చూసినా. బండ ఎంత పాతదో నాకు తెల్దు గానీ, ఇది మాత్రం చెట్టు కాదప్పా."

"బైబిలు పట్టుకునేవాళ్ళకు సైన్సు యాడ అర్థమైతాది తాతా!" అన్నాను. గని గనంతా నవ్వింది. "సరే, మొట్టమొదటి మట్టి యాడిది?" అని ఆయన అడిగితే, అదంతా ఇంగ్లీషు పుస్తకంలో ఉందన్నాను. (ఆ పుస్తకం నాకు నేటికీ దొరకలేదు.)

ఆ తర్వాత ఆయన ఏ బండను తట్టినా కుర్రాళ్ళు "ఏం తాతా, చెట్టా, మరకా?" అని ఎగతాళి చేసి, తమకు తోచినచోట ఉలి పెట్టేవాళ్ళు. నెల తిరక్కుండా ఆయన మేస్త్రీ పని పోయి రాళ్ళు మోసే పనిలో పడ్డాడు. నేనేమో ఆ బండను గోనెసంచిలో చుట్టి, బస్సు మీద వేసి, కర్నూలులో మా పాత లెక్చరరుకు చూపించాను. ఆయన భూతద్దం పెట్టి చూసి, "చెట్టు కాదోయ్, మాంగనీసు మరక. నీళ్ళతో దిగుతుంది," అన్నాడు. తిరిగొచ్చి నోరు మూసుకున్నాను. (అప్పటికే మా హెడ్మాస్టరు దానికోసం గాజుపెట్టె చేయించాడు.) ఆపైన నాకు వేరే ఊరికి బదిలీ అయింది.

మొన్న వేసవిలో మళ్ళీ ఆ గనికి వెళ్ళాను. తాత గని అంచున నీడలో కూర్చుని కొడుకు పని చూస్తున్నాడు. చెవులు మందగించాయన్నారు. మెల్లగా చెప్పాను. "ఏందప్పా? వినపల్లేదు," అన్నాడు. గట్టిగా చెప్పాను. "ఇంకా గట్టిగా," అన్నాడు. మూడోసారి, గనిలో సుత్తులన్నీ ఆగేలా అరిచాను: "తాతా, అది మరకే! మీరు చెప్పిందే నిజం! లోకం ఎట్లా పుట్టిందో నాకేం తెలీదు! నన్ను మన్నించండి!"

తాత మొదటిసారే విన్నాడని నా అనుమానం. మంచిపనే చేశాడు.